అమ్మకు లేదన్న స్థిరవిశ్వాసం

మా అమ్మకు చివరి తొమ్మిది నెలలూ మంచం మీదే గడిచాయి. కాలేయంలో గడ్డ. గుంటూరులో చూపించాం, హైదరాబాదు తీసుకెళ్లాం, ఇక మందులతో పని లేదంటే ఇంటికి తెచ్చుకున్నాం. ఆ రోజుల్లోనే ఒక సువార్తికుడు మా ఇంటికి వచ్చాడు. మా సంఘం మనిషి కాదు. స్వస్థత కూటాలు పెడుతూ ఊళ్లు తిరిగేవాడు, ఎవరో తెలిసినవాళ్లు పంపారు. అమ్మ నుదుటికి నూనె రాసి, చాలాసేపు ప్రార్థన చేసి వెళ్లాడు. మూడు వారాలకు మళ్లీ వచ్చాడు. అప్పటికి అమ్మ ఇంకా చిక్కిపోయింది. ఆయన బైబిలు తెరిచి, అపొస్తలుడు పౌలు కొలొస్సీ సంఘానికి రాసిన ఉత్తరం, అంటే కొలొస్సయులకు రాసిన పత్రికలోంచి ఒక వచనం చదివాడు. "తల్లీ, దేవుడు చూసి ఆనందించేది స్థిరవిశ్వాసాన్ని. నీలో ఎక్కడో సందేహం దాక్కుని ఉంది. దాన్ని తీసిపారెయ్, స్వస్థత దానంతట అదే వస్తుంది" అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం నుంచి అమ్మ ప్రార్థన మారిపోయింది. అంతకుముందు ఆమె దేవుడితో మాట్లాడేది. నొప్పి ఎక్కువైతే "ప్రభువా, ఈ రాత్రి గట్టెక్కించు" అనేది. తెల్లారితే "గట్టెక్కించావు తండ్రీ" అనేది. ఆ తర్వాత దేవుణ్ణి వదిలి తనలో తానే వెతుక్కోవడం మొదలుపెట్టింది. ఒక రాత్రి నన్ను లేపి, "ఒరేయ్, ఇందాక నొప్పికి ఏడ్చాను. అది సందేహం కిందికి వస్తుందంటావా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. "అదేం లేదులే అమ్మా, పడుకో" అన్నాను. కొడుకు ఎవరైనా ఆ మాటే అంటాడు. అది జవాబు కాదని ఆమెకూ తెలుసు.

అమ్మ పోయి ఆరేళ్లయింది. ఆ రాత్రి ఇవ్వలేకపోయిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. వేదాంత కళాశాలలో చదివినవాణ్ణి కాదు. ఆ వచనం అసలు భాషలో ఏమంటుందో నా కళ్లతో నేను చూడాలన్న పట్టుదలతో, అమ్మ పోయిన ఏడాదే కొత్త నిబంధన గ్రీకు మొదలుపెట్టాను. ఆల్ఫా, బీటా, థీటా, పై లాంటి అక్షరాలు లెక్కల మాస్టారికి ముందే తెలుసు కాబట్టి వాటితో ఇబ్బంది లేదు. వ్యాకరణానికే రెండేళ్లు పట్టింది.

ఆ వచనం, రెండో అధ్యాయం ఐదోది, మన బైబిల్లో ఇలా ఉంది: "నేను శరీరవిషయములో దూరముగా ఉన్నను ఆత్మవిషయములో మీతోకూడ ఉండి, మీ యోగ్యమైన ప్రవర్తనను క్రీస్తునందలి మీ స్థిరవిశ్వాసమును చూచి ఆనందించుచున్నాను." తెలుగులో "స్థిరవిశ్వాసము" ఒకే సమాసం. గ్రీకులో అవి రెండు మాటలు. విశ్వాసానికి పిస్తిస్. స్థిరత్వానికి స్తెరెయోమా. ఈ స్తెరెయోమా అనే నామవాచకం కొత్త నిబంధన మొత్తంలో ఈ ఒక్క చోటే వస్తుంది.

దాన్ని మొదటిసారి చూసినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది రేఖాగణితం. క్రీ.పూ. 300 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో యూక్లిడ్ కూర్చిన రేఖాగణితంలో పదకొండో భాగం మొదటి నిర్వచనం ఇది: పొడవు, వెడల్పు, లోతు ఉన్నది స్తెరెయోన్. అంటే మనం తొమ్మిదో తరగతిలో ఘనం అని చెప్పేదే. స్తెరెయోమా ఆ మాటకు సొంత బిడ్డ. మీ ఇంట్లో స్టీరియో ఉంటే దాని పేరులో ఉన్నదీ ఇదే మాట, ధ్వనికి లోతు తెచ్చేది అని. పిత్తాశయపు రాళ్లలో దొరికిన పదార్థానికి పిత్తం, ఘనం అన్న రెండు గ్రీకు మాటలు కలిపి పెట్టిన పేరే కొలెస్టరాల్. హెబ్రీయులకు రాసిన పత్రికలో పాలు తాగే పసివాళ్లకు, "బలమైన ఆహారము" తినే పెద్దవాళ్లకు తేడా చెప్పిన చోట, ఆ "బలమైన" అన్నది గ్రీకులో స్తెరెయోస్. నమిలితే పంటికి తగిలే తిండి అన్నమాట.

పిల్లలకు ఘనపరిమాణాల పాఠం చెప్పేటప్పుడు నేను రెండు బంతులు తీసుకెళ్తాను. ఒకటి నిండు రబ్బరు బంతి, ఇంకొకటి లోపల ఏమీ లేని ప్లాస్టిక్ బంతి. బల్ల మీద పెట్టి రెండింటినీ దొర్లిస్తాను. రెండూ దొర్లుతాయి. రెండింటినీ వేలితో కదిపితే రెండూ కదులుతాయి. తేడా తెలిసేది బొటనవేలితో నొక్కినప్పుడే. ఒకటి సొట్టపడుతుంది, ఒకటి పడదు. గ్రీకు నేర్చుకున్నాక ఒక రోజు ఈ పాఠం మధ్యలోనే నాకు అమ్మ ప్రశ్నకు జవాబు తట్టింది. పిల్లల ముందు కాసేపు మాట రాలేదు.

స్తెరెయోస్‌కు ఎదురుమాట "కదిలేది" అనుకుంటూ వచ్చాం మనం. స్థిరం అన్న తెలుగు మాట మనల్ని అటే తీసుకెళ్తుంది. స్థిరం అంటే కదలనిది, చరం అంటే కదిలేది; స్థిరాస్తి, చరాస్తి అంటాం. అందుకే స్థిరవిశ్వాసం అనగానే చలనం లేని మనసు, వణుకు లేని గొంతు, కన్నీరు లేని కన్ను మనకు తోస్తాయి. గ్రీకు మాటకు అసలైన ఎదురు మాత్రం బోలుతనం. లోపల ఏమీ లేకపోవడం.

నా మాట మీద నమ్మకం లేకపోతే అదే అధ్యాయంలో మూడు వచనాలు ముందుకు వెళ్లండి. ఎనిమిదో వచనంలో "మోసకరమైన నిరర్థక తత్వజ్ఞానము" అని ఉంది. ఆ "నిరర్థక" గ్రీకులో కెనోస్. ఖాళీ, బోలు అని దాని మామూలు అర్థం. ఆ వెంటనే తొమ్మిదో వచనం, "దేవత్వముయొక్క సర్వపరిపూర్ణత శరీరముగా క్రీస్తునందు నివసించుచున్నది." పరిపూర్ణత గ్రీకులో ప్లేరోమా, నిండుదనం. పదో వచనం, "ఆయనయందు మీరును సంపూర్ణులైయున్నారు." గ్రీకులో ఇక్కడున్నది నింపబడి ఉన్నారు అనే క్రియారూపం, ఇంతకుముందే జరిగిపోయిన పని. ఐదో వచనంలో ఘనం, ఎనిమిదిలో బోలు, తొమ్మిది పదుల్లో నిండు. పౌలు ఒకే ఊహను వరసగా నడిపిస్తున్నాడు. తెలుగులో స్థిర, నిరర్థక, పరిపూర్ణ అని మూడు వేర్వేరు దారుల్లో వెళ్లిపోయిన మాటలు గ్రీకులో పక్కపక్కనే కూర్చుని ఉన్నాయి.

అయితే ఆ నిండుదనం ఎవరిది? నమ్మేవాడి గుండె ధైర్యమా? పౌలు అలా అనడం లేదు. నిండి ఉన్నది క్రీస్తు, ఆయనలో ఉండడం వల్ల మీరు నిండారు అంటున్నాడు. నొప్పికి ఏడ్చినంత మాత్రాన అది ఖాళీ అయిపోదు.

ఆ మాట కట్టుబడిలోనే ఇంకో సంగతి ఉంది. స్తెరెయోమా చివర ఉన్న "మా" గ్రీకులో సాధారణంగా ఒక పని జరిగాక మిగిలేదాన్ని చెబుతుంది. గట్టిపరచడం అనే క్రియ నుంచి గట్టిపరచబడినది అన్న నామవాచకం. గట్టిదనం అనే గుణానికి గ్రీకులో స్తెరెయోతేస్ అని వేరే మాట ఉంది. గుణాన్ని చెప్పే మాట ఉండగా, చేసిన పని ఫలితాన్ని చెప్పే మాట వాడాడు పౌలు. ఏదైనా గట్టిపరచబడింది అంటే, గట్టిపరచినవాడు ఒకడు ఉన్నాడన్నమాట. ఆ తర్వాతి వచనాలు ఇదే దారిలో ఉంటాయి: "ఆయనయందు వేరుపారినవారై, యింటివలె కట్టబడుచు... విశ్వాసమందు స్థిరపరచబడుచు." మన భాషలో కర్మణి ప్రయోగం సహజం కాదు కాబట్టి "బడు" వచ్చిన చోటల్లా కళ్లు జారిపోతాయి. ఇక్కడ మాత్రం ఆ "బడు" మీదే వాక్యం బరువంతా ఉంది.

ఏడో వచనంలోని "స్థిరపరచబడుచు" గ్రీకులో స్తెరెయోమా కుటుంబం కాదు, బెబాయోస్ అనే వేరే కుటుంబం. ఈజిప్టులో దొరికిన పాత పపైరస్ కాగితాల్లో, అమ్మకపు పత్రాల్లో ఆ మాట కనిపిస్తుంది. అమ్మినవాడు కొన్నవాడికి ఇచ్చే హామీ అది. మన క్రయ దస్తావేజుల్లో కూడా అలాంటి వాక్యం ఉంటుంది, ఈ ఆస్తిమీద ఎవరైనా తగాదాకు వస్తే నేనే జవాబుదారీ అని. హామీ రాసిచ్చేది అమ్మినవాడే. కొన్నవాడి చేత ఎవరూ రాయించుకోరు.

ఇప్పుడు పాత నిబంధనకు వెళ్లాలి. పౌలు ఉత్తరం విన్న కొలొస్సీ వాళ్లు గ్రీకు మాట్లాడేవాళ్లు. గ్రీకు సంఘాల చేతిలో ఉన్న లేఖనం సెప్టువజింట్, అంటే క్రీ.పూ. మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో మొదలైన గ్రీకు తర్జుమా. అందులో మొదటి అధ్యాయంలోనే స్తెరెయోమా ఉంది. "జలముల మధ్య నొక విశాలము కలిగి" అని మనం చదివే చోట ఆ విశాలమే స్తెరెయోమా. హెబ్రీలో అది రాకీయ. బంగారాన్ని రేకులుగా కొట్టడానికి వాడే క్రియ నుంచి వచ్చిన మాట. పైనున్న నీళ్లు కింద పడకుండా ఆపుతున్న గట్టి కప్పు అని గ్రీకులోకి తెచ్చినవాళ్లు అర్థం చేసుకున్నారు. పంతొమ్మిదో కీర్తనలో "అంతరిక్షము ఆయన చేతిపనిని ప్రచురపరచుచున్నది" అన్నప్పుడు ఆ అంతరిక్షం కూడా స్తెరెయోమానే. పద్దెనిమిదో కీర్తనలో "యెహోవా నా శైలము, నా కోట" అని దావీదు మొదలుపెట్టిన చోట సెప్టువజింట్ "ప్రభువు నా స్తెరెయోమా" అంటుంది. వల్గేటు అనే పాత లాటిన్ తర్జుమా ఆదికాండంలో, ఆ కీర్తనలో, కొలొస్సయుల పత్రికలో ఈ మూడు చోట్లా ఫిర్మామెంతుమ్ అనే ఒకే మాట వాడింది.

తెలుగులో మాత్రం ఒకే గ్రీకు మాట విశాలం, అంతరిక్షం, శైలం, స్థిరం అని నాలుగు పేర్లతో తిరుగుతోంది. తర్జుమా చేసినవాళ్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. పాత నిబంధనను వాళ్లు హెబ్రీ చూసి చేశారు, అలా చేయడమే సబబు. విశాలం ఎంత మంచి మాటో. కాకపోతే ఆ చుట్టరికం మన కళ్లకు కనబడకుండా పోయింది. కనబడి ఉంటే, "నీలో స్థిరత్వం లేదు" అని ఒక రోగి మంచం పక్కన నిలబడి అనడానికి నోరు రావడం కష్టమయ్యేది. ఎందుకంటే ఆ కీర్తనలో స్తెరెయోమా దావీదు గుండెలో ఉన్న గుణం కాదు. దావీదు ఎక్కి నిలబడిన బండ. అదే కీర్తన నాలుగో వచనంలో, మరణపాశాలు నన్ను చుట్టుకున్నాయి, భక్తిహీనులు వరద పొర్లులా మీద పడి నన్ను బెదిరించారు అని అదే దావీదు చెబుతాడు. బండ మీద ఉన్నవాడికి కూడా భయం వేసింది.

ఇక్కడ చదువుకున్న పాఠకులు ఒక అభ్యంతరం చెబుతారు, అది న్యాయమైనదే. ఒక మాటకు ఎక్కడెక్కడో ఉన్న అర్థాలన్నీ పోగేసి ఒకే వచనంలో కుక్కకూడదు. ఒప్పుకుంటాను. ఉత్తరం రాసేటప్పుడు పౌలు ఆకాశం వైపు చూస్తున్నాడని నేను అనడం లేదు. ఆ వచనంలో అతని కళ్ల ముందున్నది బహుశా సైన్యం. "యోగ్యమైన ప్రవర్తన" అని మనం చదివేది గ్రీకులో తాక్సిస్, వరస, క్రమం. కొరింథు పత్రికలో "సమస్తమును మర్యాదగాను క్రమముగాను జరుగనియ్యుడి" అన్నచోటా, "మెల్కీసెదెకు క్రమము చొప్పున" అన్నచోటా ఇదే మాటను మన బైబిలు క్రమం అనే రాసింది. ఇక్కడ మాత్రం ప్రవర్తన అయింది. తాక్సిస్ సైనికుల బారును చెప్పడానికి బాగా వాడుకలో ఉన్న మాట. స్తెరెయోమా కూడా, యూదుల యుద్ధాల చరిత్ర చెప్పే మక్కబీయుల మొదటి గ్రంథంలో యుద్ధం మధ్య వస్తుంది. శత్రు సేనలో గట్టి భాగం కుడివైపు ఉందని యూదుల నాయకుడు యూదా మక్కబీ గమనించిన చోట. కాబట్టి బారు తీరి, డాలుకు డాలు ఆనించి నిలబడ్డ దళం అని అర్థం చేసుకుంటే పొరపాటు కాదు.

సరే, దళమే అనుకుందాం. అప్పుడు నా వాదన ఇంకా బలపడుతుంది. ఒక్కడే నిలబడితే దాన్ని బారు అనరు. ఆ వచనంలో "మీ" అన్నది బహువచనం. తెలుగులో మీరు అంటే గౌరవమూ కావచ్చు, గుంపూ కావచ్చు. గ్రీకులో ఆ తికమక లేదు, గుంపే. స్తెరెయోమా ఒక సంఘం మొత్తానికి ఉన్న గట్టితనం. అపొస్తలుల కార్యాలు పదహారో అధ్యాయంలో "సంఘములు విశ్వాసమందు స్థిరపడి" అని ఉంది. అక్కడి క్రియ ఈ మాటకు తల్లి. స్థిరపడినవి సంఘాలు. బారులో ఒకడికి గాయమై మోకాలు వంగితే పక్కవాడి డాలు ఇద్దరికీ అడ్డు పడుతుంది. పడినవాడి దగ్గరికి వచ్చి నీ కాళ్లలో బలం లేదని చెప్పేవాడు మన దళంవాడు ఎలా అవుతాడు?

ఆ క్రియ కొత్త నిబంధనలో మూడే సార్లు వస్తుంది, మూడూ అపొస్తలుల కార్యాల్లోనే. మిగతా రెండూ మూడో అధ్యాయంలో, శృంగారమనే దేవాలయ ద్వారం దగ్గర. పుట్టు కుంటివాడు, వయసు నలభై దాటింది, రోజూ ఎవరో మోసుకొచ్చి అక్కడ కూర్చోబెడతారు. పేతురు, యోహాను కనబడితే చిల్లర అడిగాడు. మా వైపు చూడు అంటే "ఏమైన దొరుకునని కనిపెట్టుచు" చూశాడు. వాడి ఆశ రెండు నాణేలు. స్వస్థత గురించి వాడి మనసులో నమ్మకమూ లేదు, సందేహమూ లేదు, ఆ ఊహే లేదు. పేతురు "వాని కుడిచెయ్యి పట్టుకొని లేవనెత్తెను, వెంటనే వాని పాదములును చీలమండలును బలము పొందెను." ఆ బలం పొందడమే మన క్రియ. స్తెరెయోమా ఎలా పుడుతుందో కళ్లకు కట్టినట్టు చూపించే చోటు ఇదే. ఎవరో చెయ్యి పట్టుకుని లేపారు, లేచాక కాళ్లు గట్టిపడ్డాయి. ముందు కాళ్లు గట్టిచేసుకో, తర్వాత చెయ్యి ఇస్తానని పేతురు అనలేదు. పదహారో వచనంలో పేతురు జనానికి వివరిస్తూ విశ్వాసం పేరెత్తుతాడు, నిజమే. కానీ ఆ వాక్యంలో కర్త "ఆయన నామమే". ఆ నామమే వీణ్ణి బలపరిచింది అంటాడు.

నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన మాట పదకొండో వచనంలో ఉంది. గంతులు వేశాడు, నడిచాడు, దేవుణ్ణి స్తుతించాడు, అంతా అయ్యాక "వాడు పేతురును యోహానును పట్టుకొనియుండగా" జనం పరుగెత్తుకొచ్చారట. చీలమండలు గట్టిపడ్డ మనిషి, ఇంకా ఇద్దర్ని పట్టుకునే ఉన్నాడు. ఈ కథ రాసిన లూకా ఆ సంగతి వదిలేయలేదు.

పాత నిబంధనలో దీనికి జోడీ ఒకటుంది. అమాలేకీయులతో యుద్ధం జరుగుతుంటే మోషే చేతులు పైకెత్తి ఉంచాలి. చేతులు బరువెక్కాయి. ఒక రాయి తెచ్చి కూర్చోబెట్టి, అహరోను ఒక పక్క, హూరు ఒక పక్క ఆ చేతుల్ని ఆదుకున్నారు. "అతని చేతులు సూర్యుడు అస్తమించువరకు నిలుకడగా ఉండెను." ఆ "నిలుకడ" హెబ్రీలో ఎమూనా. పాత నిబంధనలో విశ్వాస్యతకు, విశ్వాసానికి వాడే మాట అదే. గట్టిగా ఉండడం అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టింది. మనం ప్రార్థన చివర అనే ఆమేన్ పుట్టింది కూడా అదే ధాతువు నుంచి. మోషే చేతులు వణికాయా? వణికే ఉంటాయి, ముసలాయన. అయినా ఎమూనా అన్నారు వాటిని.

కొలొస్సీ ఎలాంటి చోట ఉందో కూడా కొంచెం చెప్పాలి. ఇప్పటి టర్కీలో దెనిజ్లి దగ్గర, హోనాజ్ కొండ కింద ఒక మట్టి దిబ్బగా మిగిలింది. పాముక్కలే తెల్లటి మెట్లు చూసిన ఫొటోలు అందరి ఫోన్లలోనూ ఉంటాయి, ఆ పాముక్కలే పత్రికలో పేరున్న హియెరాపొలి. లవొదికయ ఇంకో పక్క. లైకస్ నది కొలొస్సీ దగ్గర నేల చీలికలోకి దూకి కనబడకుండా పోయి కొంత దూరాన మళ్లీ పైకి వస్తుందని గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు. భూకంపాలకు పేరుపడ్డ లోయ అది. క్రీ.శ. 60లో వచ్చిన భూకంపంలో లవొదికయ కూలిపోయి, రోము సాయం లేకుండా తనంతట తాను లేచిందని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ చెబుతాడు. కాళ్ల కింద నేల కదలడం ఆ జనానికి వింత కాదు. స్తెరెయోమా అన్న మాట చెవిన పడితే, అది ఎంత విలువైనదో వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు.

వాళ్ల మీదికి వచ్చిన ముప్పు మాత్రం వేరు. నాలుగో వచనంలో "ఎవడైనను చక్కని మాటలచేత మిమ్మును మోసపరచకుండునట్లు" ఈ సంగతి చెబుతున్నానని పౌలు అంటాడు. ఆ చక్కని మాటలు ఏమిటో అధ్యాయం చివరికి తెలుస్తుంది. పండుగలు, అమావాస్యలు, దేవదూతల ఆరాధన, "చేతపట్టుకొనవద్దు, రుచిచూడవద్దు, ముట్టవద్దు" అనే విధులు. క్రీస్తును నమ్మితే చాలదు, ఇంకా ఏదో కావాలి, మీలో ఇంకా ఏదో లోటు ఉంది అనేవాళ్లు ఆ సంఘంలో దూరారు. వాళ్లకు ఎదురుగా నిలబడి పౌలు అన్న మాటే ఐదో వచనం. మీ స్తెరెయోమా చూసి ఆనందిస్తున్నాను అన్నాడు. అతను వాళ్ల ముఖాలు చూసి ఎరగడు, చెరసాలలో ఉన్నాడు, వాళ్లకు సువార్త బోధించిన ఎపఫ్రా చెప్పగా విన్నాడు. ఉందో లేదో పరీక్ష పెట్టలేదు. ఉందని చెప్పి సంతోషించాడు.

అదే వచనాన్ని మా అమ్మ దగ్గర ఎలా వాడారో గుర్తుచేసుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది. నీలో లోటు ఉంది అని చెప్పడానికి వాడారు. అంటే పౌలు ఎవరి మాటలకు ఎదురుగా ఆ వాక్యం రాశాడో వాళ్ల పక్షానికి ఆ వాక్యాన్నే మోసుకుపోయారు. ఆ సువార్తికుడు మనసులో చెడ్డవాడని నేను అనను. ఆయనకూ ఎవరో అలాగే నేర్పి ఉంటారు. కానీ ఆ బోధ తప్పు. మన కూటాల్లో, టీవీల్లో, యూట్యూబులో అది రోజూ వినబడుతోంది. మంచాల మీద ఉన్నవాళ్లు, వాళ్లకు నీళ్లు అందించేవాళ్లు ఎంతమంది దాన్ని మోస్తున్నారో తలుచుకుంటే ఊరుకోబుద్ధి కాదు.

యాకోబు పత్రికలోని మాట సంగతేమిటని అడుగుతారు. "సందేహించువాడు గాలిచేత రేపబడి యెగిరిపడు సముద్ర తరంగమును పోలియుండును." పై వచనం చూడండి, అక్కడ అడగమన్నది జ్ఞానం. కింది వచనం చూడండి, ఆ మనిషిని "ద్విమనస్కుడు" అన్నాడు. ఇద్దరు యజమానుల మధ్య ఊగేవాడు. నొప్పితో మూలిగే ముసలమ్మకు యజమాని ఒక్కడే. యెషయాలో సేవకుడు "నా ముఖమును చెకుముకిరాతివలె చేసికొంటిని" అన్నాడు కదా, సెప్టువజింట్‌లో అక్కడా స్తెరెయోస్ ఉంది కదా అని ఇంకొకరు అనవచ్చు. ఉంది. మనిషి పట్టుదలకు కూడా ఆ మాట చెల్లుతుంది, కాదనను. ఆ వచనం మొదలు మాత్రం "ప్రభువగు యెహోవా నాకు సహాయము చేయువాడు" అని.

పౌలు చుట్టూ ఉన్న రోగుల్ని చూడండి. ఎపఫ్రొదితు చావుకు దగ్గరైనంత జబ్బు పడ్డాడు. తిమోతికి తరచూ అనారోగ్యం, కడుపులో బాధ. కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని సలహా. త్రోఫిము జబ్బుతో ఉంటే మిలేతులో వదిలి వెళ్లాల్సి వచ్చింది. పౌలు శరీరంలోనే ఒక ముల్లు, మూడుసార్లు వేడుకున్నా పోలేదు. వీళ్లలో ఒక్కడికైనా నీ స్తెరెయోమా చాలలేదని అతను రాసి ఉంటే చూపించండి.

ఇప్పుడు అమ్మ నన్ను లేపి అడిగితే ఇలా చెబుతాను. ఏడుపు సందేహం కిందికి రాదమ్మా. ఆ కుంటివాడు బాగయ్యాక కూడా పేతురు చెయ్యి వదల్లేదు. నువ్వు గట్టిగా ఉండాల్సిన పని లేదు, గట్టిగా ఉన్నవాడి మీద నువ్వు పడుకుని ఉన్నావు. నువ్వు వణికితే మంచం వణుకుతుంది, కింద నేల వణకదు.

నిజానికి ఆమె స్తెరెయోమా ఏమిటో ఆ తొమ్మిది నెలలూ మా ఇంట్లోనే కనబడుతూ ఉంది. నాకే పేరు తెలియలేదు. మా స్త్రీల సమాజం వాళ్లు సాయంత్రం ఆరున్నరకు వచ్చేవాళ్లు, ఒక రోజు తప్పినా ఇంకో రోజు తప్పకుండా. ఇద్దరు అమ్మను పక్కకు తిప్పి వీపు తుడిచేవాళ్లు, ఒకరు జావ కాచేవాళ్లు, అయ్యగారి భార్య ఒక కీర్తన ఎత్తుకునేది. సువార్తికుడి మాట విన్నాక అమ్మ వాళ్లతో కూడా "నా విశ్వాసం చాలట" అంది. మా వదిన తడిగుడ్డ పిండుతూ "చాలకపోతే మా దగ్గర తీసుకోండి అత్తయ్యా, ఇంతమందిమి ఉన్నాం" అంది. వదినకు గ్రీకు రాదు. నేను రెండేళ్లు కష్టపడి చేరిన చోటికి ఆమె గుడ్డ పిండుతూ వెళ్లిపోయింది.

చివరి గురువారం ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పుకుంటున్నారు. అమ్మ "మా అనుదినాహారము" వరకు చెప్పి ఆగిపోయింది. తర్వాతి మాట గుర్తు రాలేదు, ఊపిరీ అందలేదు. వదిన ఆమె చెయ్యి పట్టుకుని అక్కణ్ణుంచి అందుకుంది, మిగతావాళ్లు కలిశారు. అందరూ ఆమేన్ అన్నారు. కాసేపటికి, కళ్లు తెరవకుండానే, అమ్మ కూడా అంది.